గాలితో పందెం

సైకిలు మీద పల్లం దిగేటప్పుడు మీరు తొక్కకపోయినా వేగం పెరుగుతుంది గదా! ముఖానికి గాలి బలంగా కొడుతుంది. తల వంచి ముందుకు ఒరిగితే ఆ తాకిడి తగ్గుతుంది. ఈ చిన్న విషయం గుర్తుంచుకోండి.

ఆస్ట్రియా దేశపు ఆల్ప్స్ పర్వతాలలో, కాళ్ళకు పొడవాటి బద్దలు బిగించుకొని మంచువాలు మీద జారుతూ పందాలు వేస్తారు. ఇదే స్కీయింగ్. ఆ దేశంలోని మూస్‌వాల్డ్ అనే ఊళ్ళో 1953లో పుట్టిన ఫ్రాంజ్ క్లామర్ ఇందులో మేటి.

1976 ఫిబ్రవరి 5న ఇన్స్‌బ్రుక్ ఒలింపిక్స్‌లో 'డౌన్‌హిల్' పందెం జరిగింది. ఇందులో ఒకరి తర్వాత ఒకరు దిగుతారు. తీర్పు గడియారానిదే. 1972 విజేత, స్విట్జర్లాండుకు చెందిన బెర్న్‌హార్డ్ రస్సీ ముందే దిగి అందరికన్నా తక్కువ సమయం నమోదు చేశాడు. తర్వాత బయలుదేరిన క్లామర్ సగం దారిలో అతనికన్నా వెనకబడ్డాడు. అయినా చివరికి 1 నిమిషం 45.73 సెకన్లలో గమ్యం చేరాడు. గెలుపు తేడా 0.33 సెకన్లే! ఆ వేగంలో అది సుమారు 9 మీటర్ల దూరం.

ఇప్పుడొక లెక్క చేద్దాం. ఆ దారి పొడవు సుమారు 3 కిలోమీటర్లు. దిగిన ఎత్తు 870 మీటర్లు. స్థితిశక్తి అంతా గతిశక్తిగా మారితే అడుగున వేగం గంటకు 470 కిలోమీటర్లు ఉండాలి! కాని క్లామర్ సగటు వేగం గంటకు 100 కిలోమీటర్లు దాటిందంతే. మిగతా శక్తి ఏమైంది?

కొంత మంచుతో ఘర్షణకు పోయింది. బద్దల అడుగున మైనం పూసేది ఈ ఘర్షణను తగ్గించడానికే. మలుపుల్లో బద్దల అంచులు మంచును కోసినప్పుడు మరికొంత పోయింది. చాలా భాగం గాలిని తోయడానికే ఖర్చయింది. వేగం రెండింతలైతే గాలి నిరోధం నాలుగింతలవుతుంది మరి! అందుకే ఆటగాడు మోకాళ్ళు మడిచి, వీపు వంచి, గుడ్డులా ముడుచుకుంటాడు. ఆ రోజు క్లామర్ చాలాసార్లు పట్టు తప్పాడు. చేతులు గాలిలోకి లేచాయి. అయినా ప్రతిసారీ నిలదొక్కుకొని మళ్ళీ ముడుచుకున్నాడు.

1980 ఒలింపిక్స్ జట్టులో అతనికి చోటు దక్కలేదు. అయినా ఆట మానలేదు. 1983లో ఐదవసారి ప్రపంచ కప్ డౌన్‌హిల్ విజేత అయ్యాడు. ప్రపంచ కప్‌లో మొత్తం 25 డౌన్‌హిల్ పందాలు గెలిచి, 1985లో విరమించాడు.

మీరూ చేసి చూడండి: ఒకే కొలత కాగితాలు రెండు తీసుకోండి. ఒకదాన్ని ఉండ చుట్టండి. రెండింటినీ ఒకే ఎత్తునుంచి ఒకేసారి వదలండి. బరువు ఒకటే అయినా ఏది ముందు నేలను తాకింది? ఎందుకు?