గట్టు మీద గంట నడక: ఇంగ్లీషు పాఠం ఇంటి దగ్గరే



గత నెల ఏడో తరగతి పిల్లలకు ఇంగ్లీషులో ఒక వ్యాసం ఇచ్చాను. 'పల్లెలో ఒక నడక' అనేది అంశం. పేపర్లు దిద్దుతుంటే దాదాపు అందరి పల్లెలోనూ గొర్రెలు మేసే పచ్చిక బయలు, ఓక్ చెట్టు, కొండ మీద చిన్న ఇల్లు కనిపించాయి. ఒక్క పేపరులోనూ కొబ్బరి చెట్టు లేదు, కాలువ లేదు. ఏటిగట్టు పక్కనే ఇల్లున్న అబ్బాయి కూడా ఓక్ చెట్టు నీడలోనే కూర్చున్నాడు. "ఓక్ చెట్టు ఎప్పుడైనా చూశావా నాన్నా?" అని అడిగాను. "లేదు మేడం, మీరే కదా బోర్డు మీద రాశారు" అన్నాడు. నిజమే. నమూనా వ్యాసం రాసింది నేనే. తప్పు పిల్లలది కాదు.

అందుకే ఈ నెల మీకు ఒక చిన్న పని చెబుతున్నాను. ఫీజు లేదు, పుస్తకం అక్కర్లేదు. ఆదివారం పొద్దున్న ఒక గంట మీ పిల్లలతో కలిసి నడవండి.

నడకకు ఇంతకంటే సులువైన నేల లేదు

ఇంగ్లండులో పల్లె దారుల్లో నడవడం పెద్ద అలవాటు. అక్కడ 'పబ్లిక్ ఫుట్‌పాత్' అని గుర్తించిన దారి ఒకరి పొలం గుండా పోతున్నా, దాని మీద నడిచే హక్కు అందరికీ ఉంటుంది. ఆ దారులన్నీ ఆర్డ్నెన్స్ సర్వే మ్యాపుల్లో గీతలుగా కనిపిస్తాయి. అక్కడ కాలువ గట్టు మీద కూడా నడుస్తారు. ఒకప్పుడు గుర్రాలు పడవలను లాగుతూ నడిచిన దారి అది. దాన్ని 'టోపాత్' అంటారు. మన గోదావరి కాలువల్లోనూ సరుకు పడవలు తిరిగిన రోజులున్నాయి. గట్టు మీద నడుస్తూ మనుషులే తాడుతో లాగేవారు. అంటే పుస్తకంలోని టోపాత్ మన ఇంటి ముందే ఉంది. మన పిల్లలకు దాని ఇంగ్లీషు పేరు తెలియదు, కొందరికి తెలుగు పేరూ తెలియదు.

నడకకు ఎంత సమయం పడుతుందో లెక్కకట్టడానికి 1892లో నైస్మిత్ అనే స్కాట్లండు పర్వతారోహకుడు ఒక సూత్రం చెప్పాడు. చదును నేల మీద గంటకు 3 మైళ్లు, అంటే సుమారు 5 కిలోమీటర్లు. ఎక్కాల్సిన ప్రతి 2,000 అడుగులకు ఇంకో గంట కలపాలి. మన కోనసీమలో ఆ రెండో లెక్కతో పనే లేదు. ఆగుతూ చూస్తూ నడిచే పిల్లలకు గంటకు 3 కిలోమీటర్లు చాలు. "అరగంట వెళ్లి అరగంటలో తిరిగొస్తే ఎంత దూరం నడిచాం?" అని దారిలోనే అడగండి.

మొదటి నడక: అక్విడెక్టు దగ్గర

పి.గన్నవరంలో ఉన్నవాళ్లు ఇక్కడి నుంచే మొదలుపెట్టండి. ధవళేశ్వరంలో ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలైన ఆనకట్ట 1852లో పూర్తయింది. ఆ నీళ్లు మన వైపు వచ్చాయి సరే, వైనతేయ అవతలి ఊళ్లకు వెళ్లేదెలా? నది మీదుగా కాలువనే దాటించారు. కింద నది, పైన కాలువ. 49 ఆర్చీల ఆ పాత అక్విడెక్టు 1850లలో కట్టినది. దాని పక్కనే కొత్తది 2000లో వచ్చింది. దానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు.

పిల్లలతో గట్టు మీద నిలబడి ఆర్చీలు లెక్కపెట్టించండి. 'ఆర్చ్', 'పిల్లర్', 'స్పాన్' అనే మాటలు అక్కడే నేర్పొచ్చు. తర్వాత ఆ పేరెవరిదో చెప్పండి. పక్కనే ఉన్న లంకల గన్నవరంలో, గోదావరి దాటే బాటసారులకు వేళ కాని వేళల్లోనూ అన్నం పెట్టిన తల్లి ఆమె. 1841లో పుట్టి 1909లో కన్నుమూశారు. 2024 నుంచి మన రాష్ట్రంలో ప్రభుత్వ బడుల మధ్యాహ్న భోజన పథకానికీ ఆమె పేరే ఉంది.

ఇక్కడ వాహనాల రాకపోకలు ఎక్కువ. ఒడ్డు నుంచి చూస్తే చాలు. చిన్నపిల్లలను వంతెన మీద నడిపించవద్దు.

రెండో నడక: పంట కాలువ, మురుగు కాలువ

మీ ఊరు ఏదైనా ఈ నడక కుదురుతుంది. కాలువ గట్టు మీద నడుస్తూ పిల్లలను ఒకే ప్రశ్న అడగండి: "కాలువలో నీరు ఎత్తుగా ఉందా, పక్కన చేను ఎత్తుగా ఉందా?" పంట కాలువ ఎత్తున పోతుంది. అందుకే తూము తెరిస్తే నీరు బోదెలోకి, బోదె నుంచి చేలోకి తనంతట తానే పారుతుంది. మురుగు కాలువ పల్లంలో పోతుంది. చేలో ఎక్కువైన నీరు దానిలోకి దిగుతుంది. చూడటానికి నేలంతా చదునే అనిపిస్తుంది. కానీ నదులు వరదల్లో తెచ్చిన ఒండ్రును ఒడ్డు దగ్గరే ఎక్కువగా వేస్తాయి. అందుకే ఏటి ఒడ్డున నేల కాస్త మెరకగా, దూరం పోయేకొద్దీ పల్లంగా ఉంటుంది. డెల్టా కాలువలన్నీ ఈ చిన్న తేడా మీదే పారుతున్నాయి.

ఇందులో సోషల్ పాఠం ఉంది, సైన్సు ఉంది, ఇంగ్లీషు గ్రామర్ కూడా ఉంది. 'ద కెనాల్ ఈజ్ హయ్యర్ దాన్ ద ఫీల్డ్' అనే వాక్యం కళ్లతో చూసి చెప్పిన పిల్లకు కంపారిటివ్ డిగ్రీ మళ్లీ నేర్పక్కర్లేదు.

మూడో నడక: ఏటిగట్టు, పుంత

తోటల మధ్య నుంచి పోయే పుంతలో నడవండి. ఇంగ్లీషు కథల్లో వచ్చే 'లేన్' అంటే ఇదే. కొబ్బరి కింద కోకో, అరటి, కంద ఎలా పెంచుతున్నారో చూపించండి. దింపు జరుగుతుంటే దూరంగా ఆగి చూడండి. ముంగండ వైపు వెళితే, మొఘల్ దర్బారు దాకా పేరు తెచ్చుకున్న జగన్నాథ పండితరాయల ఊరు ఇదేనని చెప్పండి. ఎవరి తోటలోకైనా వెళ్లే ముందు రైతును ఒక మాట అడగండి. మనకు ఫుట్‌పాత్ మ్యాపులు లేవు. పలకరింపే మన అనుమతి పత్రం.

ఏటిగట్టు ఎక్కితే ఆవల లంకలు కనిపిస్తాయి. బూరుగులంక, ఊడిమూడిలంక వంటి చోట్ల వరద రోజుల్లో పడవే దారి. మనకు సరదా అయిన ఈ నడక అక్కడి పిల్లలకు బడికి వెళ్లే దారి. ఈ సంగతి మన పిల్లలకు తెలియాలి.

జాగ్రత్తలు

• నీటి వైపు ఎప్పుడూ పెద్దవాళ్లే నడవాలి. ఇద్దరు పిల్లలుంటే ఇద్దరు పెద్దలు ఉండాలి.
• రేవు మెట్ల మీద పాచి ఉంటుంది. కాళ్లు కడుక్కోవడానికి కూడా పిల్లలను దింపవద్దు.
• ఎవరైనా నీళ్లలో పడితే ఈత రానివారు దూకవద్దు. తువ్వాలు, చీర, కర్ర ఏది దొరికితే అది అందించి కేకలు వేయాలి. 112కు ఫోన్ చేయాలి. ఈ మాట పిల్లలకూ నేర్పండి.
• కొబ్బరి చెట్టు కింద నిలబడవద్దు. గడ్డిలో పాములుంటాయి, బూట్లు వేయండి.
• మంచు విడిచాక బయలుదేరండి. చీకటి పడ్డాక, వరద రోజుల్లో గట్టు మీదికి వద్దు.

ఈ నెల ఇంటి పని

నడక నుంచి వచ్చాక మీ పిల్లలు నోటుబుక్కులో రెండు వరుసలు గీయాలి. ఒకవైపు తెలుగు మాట, మరోవైపు ఇంగ్లీషు మాట. గట్టుకు 'బ్యాంక్', తూముకు 'స్లూయిస్', లంకకు 'ఐలండ్', ఒండ్రుకు 'సిల్ట్'. బ్యాంక్ అంటే డబ్బులు దాచేది మాత్రమే అనుకునే పిల్లలు తరగతికి పదిమంది ఉన్నారు. ఇంగ్లీషు మాటలు నేను సరిచూస్తాను. తెలుగు మాటలు మాత్రం తాతయ్య, అమ్మమ్మ, నాన్నమ్మలను అడిగి రాయాలి. బోదె, పుంత, మెరక, పల్లం వంటి మాటలు వాళ్ల నోటి నుంచే రావాలి. నాకు తెలియనివి వస్తే నేనూ రాసుకుంటాను.

ఆ తర్వాత తాము చూసిన వాటి గురించే ఐదు ఇంగ్లీషు వాక్యాలు రాయాలి. స్పెల్లింగు తప్పులకు మార్కులు తగ్గించను. చూడనిది రాస్తే మాత్రం తగ్గిస్తాను.

సంక్రాంతి సెలవులు దగ్గరకొస్తున్నాయి. కనుమ నాడు జగ్గన్నతోటకు ఊళ్ల నుంచి ప్రభలను భుజాల మీద మోస్తూ చేలల్లోంచి నడిచే వస్తారు. మన పెద్దలకు ఈ నేల మీద నడక కొత్త కాదు. బస్సు ఎక్కి దిగే మన పిల్లలకే అది కొత్త.

సెలవుల తర్వాత అదే వ్యాసం మళ్లీ ఇస్తాను. ఈసారి బోర్డు మీద నేనేమీ రాయను.