సెక్రటేరియట్ గుండె బరువెంత?

పేరుమోసిన పందెపు గుర్రాల్లో ఒకదానిమీద ఒక్కసారి స్వారీ చేయనిస్తామంటే దేన్ని కోరుకుంటారు? గుర్రప్పందేల అభిమానులను ఈ మాట అడిగితే చాలామంది నోట వచ్చే పేరు సెక్రటేరియట్. గుర్రానికి సచివాలయమని పేరేమిటని నవ్వకండి. అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో 1970 మార్చి 30న పుట్టిన జేగురు రంగు మగ గుర్రం అది. 1973లో కెంటకీ డెర్బీ, ప్రీక్‌నెస్, బెల్‌మాంట్ అనే మూడు పెద్ద పందేలనూ వరుసగా గెలిచింది. ఒకే ఏడు ఆ మూడూ గెలిచిన గుర్రం అంతకు ముందు పాతికేళ్ళలో లేదు.

ముందు డెర్బీ సంగతి చూద్దాం. దాని దూరం మైలుంబావు, అంటే అయిదు పావుమైళ్ళు. ఒక్కొక్క పావుమైలుకు సెక్రటేరియట్‌కు పట్టిన కాలం సెకన్లలో ఇది: 25.2, 24, 23.8, 23.4, 23. ఈ అంకెలను మరోసారి చదవండి. మామూలుగా గుర్రాలు మొదట జోరుగా ఉరికి, చివరికి అలసి నెమ్మదిస్తాయి. ఇది మాత్రం ముందుకు పోయేకొద్దీ వేగం పెంచింది! పావుమైలు 402 మీటర్లు గనుక ఆఖరి పావుమైలులో దాని వేగం గంటకు సుమారు 63 కిలోమీటర్లు.

ఇక జూన్ 9న జరిగిన బెల్‌మాంట్. ఒకటిన్నర మైళ్ళను అది 2 నిమిషాల 24 సెకన్లలో ముగించి, రెండో గుర్రాన్ని 31 గుర్రాల నిడివి వెనక వదిలేసింది. ఆ మట్టి దారిమీద అంత దూరాన్ని ఇంతవరకు మరే గుర్రమూ అంత త్వరగా పరుగెత్తలేదు.

ఆనాడు దాని వీపుమీద ఉన్న జాకీ రాన్ టర్కాట్. ఆయన స్థానంలో మీరున్నారనుకోండి. మొదటి చిక్కు బరువు. జీనుతో కలిపి మోయవలసిన బరువు 126 పౌన్లు, అంటే 57 కిలోలు. రెండోది, ఎక్కి హాయిగా కూర్చుంటామంటే కుదరదు. కూర్చోనే కూడదు! గతుకుల రోడ్డుమీద సైకిలు తొక్కేటప్పుడు మీరేం చేస్తారు? సీటుమీంచి లేచి, మోకాళ్ళు కొంచెం వంచి, పెడళ్ళమీద నిలబడతారు. సైకిలు ఎగిరిపడుతున్నా మీ ఒళ్ళు అంతగా ఎగరదు. జాకీ చేసేదీ అదే. పొట్టి రికాబుల్లో పాదాలుంచి, ముందుకు వంగి, మోకాళ్ళను స్ప్రింగుల్లా వాడతాడు. గుర్రం అతని బరువును మోస్తుంది. కాని అడుగడుగునా 57 కిలోల జడత్వంతో పెనుగులాడి, అతన్ని పైకీ కిందికీ, ముందుకీ వెనక్కీ కుదపవలసిన పని దానికి చాలావరకు తప్పుతుంది. 1900 ప్రాంతంలో ఈ పద్ధతి వచ్చాక పందేలకు పట్టే కాలం నూటికి 5 నుంచి 7 పాళ్ళు తగ్గిందని 2009లో ఇంగ్లండు శాస్త్రజ్ఞులు లెక్కకట్టారు. ఈ స్వారీ ప్రమాదం లేనిదేమీ కాదు. టర్కాట్ 1978లో వేరొక గుర్రంమీంచి పడి, నడుము కింది భాగం చచ్చుబడి, మళ్ళీ నడవలేదు.

అంత పరుగుకు శక్తి ఎక్కడిది? కండరాలకు ఆక్సిజన్ కావాలి. దాన్ని మోసుకుపోయేది రక్తం, నెట్టేది గుండె. విశ్రాంతిగా ఉన్న గుర్రం గుండె నిమిషానికి 30, 40 సార్లు మాత్రమే కొట్టుకుంటుంది. దౌడులో 220 దాటుతుంది. ఒక్కో స్పందనకు సుమారు లీటరు రక్తం వెళుతుందనుకుంటే నిమిషానికి 220 లీటర్లు! పెద్ద కిరసనాయిలు పీపా ఒకటి నిమిషంలో నిండి పొర్లుతుందన్నమాట. విశ్రాంతిలో ఉన్న మీ గుండె నెట్టేది నిమిషానికి 5 లీటర్లే.

గుండె ఎంత పెద్దదైతే అంత మంచిదనే మాట ఇక్కడే పుట్టింది. 1989 అక్టోబరు 4న, గిట్టల లోపలి పొరలు వాచే జబ్బు నయం కాక, సెక్రటేరియట్‌కు బాధలేని మరణం కల్పించారు. శవపరీక్ష చేసిన పశువైద్యుడు థామస్ స్వెర్చెక్ దాని గుండె చూసి ఆశ్చర్యపోయాడు. జబ్బుతో ఉబ్బినది కాదు. అన్ని గదులూ చక్కగా ఉన్నాయి. పరిమాణమే పెద్దది. ఆయన తర్వాత వేసిన అంచనా 22 పౌన్లు, అంటే 10 కిలోలు. అటువంటి గుర్రాలకు మామూలుగా ఉండేది 4 కిలోల చిల్లర.

కాని ఆ గుండెను ఎవరూ తూచలేదు. కొన్ని పుస్తకాల్లో 22 పౌన్లు కొలిచి చెప్పినట్టే కనిపిస్తుంది. అది కొలత కాదు, అనుభవజ్ఞుడి అంచనా. ప్రయోగశాల నోటుపుస్తకంలో ఈ రెండింటినీ ఒకే గడిలో రాస్తే నేనైతే మార్కులు వేయను.

తూచిన గుండె ఒకటుంది. షామ్ అనే గుర్రం ఆ ఏడు డెర్బీలోనూ ప్రీక్‌నెస్‌లోనూ సెక్రటేరియట్ వెనకే రెండోదిగా వచ్చింది. 1993లో అది చనిపోయినప్పుడు స్వెర్చెక్ దాని గుండెను తూచాడు. 18 పౌన్లు! మామూలు గుర్రానికి రెట్టింపు. మరి బెల్‌మాంట్‌లో షామ్ ఎన్నోది? పరుగెత్తిన అయిదింటిలో అయిదోది. మొదటి సగం దూరం సెక్రటేరియట్‌తో సమంగా ఉరికి, ఆ తర్వాత డస్సిపోయింది.

కాబట్టి గుండె ఒక్కటే చాలదు. గుర్రం ప్లీహం ఎర్రకణాలను దాచుకునే గాదె. పరుగు మొదలవగానే అది ముడుచుకుని వాటిని రక్తంలోకి నెడుతుంది. విశ్రాంతిలో రక్తంలో నూటికి 40 పాళ్ళున్న ఎర్రకణాలు 60 పాళ్ళు దాటవచ్చు. ఆక్సిజన్ ఎక్కువ చేరుతుంది, రక్తం చిక్కబడుతుంది కూడా. చిక్కటి రక్తాన్ని నెట్టడం గుండెకు కష్టమే మరి. ఇక ఊపిరి. గుర్రం ముక్కుతోనే గాలి పీలుస్తుంది, నోటితో పీల్చలేదు. దౌడులో అడుగుకొక ఊపిరి. అంటే నిమిషానికి 140 దాకా. ఆయాసం వచ్చినా, అడుగు మార్చకుండా ఊపిరి వేగం పెంచుకోలేదు. వీటన్నిటికీ తోడు కాళ్ళ పొడవు, కండరాల తీరు, ఆనాటి దారి, జాకీ నేర్పు.

చివరగా మీకొక లెక్క. గుర్రం నిడివి 2.4 మీటర్లనుకోండి. బెల్‌మాంట్‌లో సెక్రటేరియట్ గీత దాటేసరికి రెండో గుర్రం 31 నిడివుల వెనక ఉంది. అది సెకనుకు 16 మీటర్ల వేగంతో వస్తుంటే గీత చేరడానికి ఇంకా ఎన్ని సెకన్లు? జవాబు 4, 5 మధ్య రావాలి. వచ్చాక గడియారం చూస్తూ అంతసేపు ఊరుకోండి. ఖాళీ దారిమీద మరో గుర్రం కోసం ప్రేక్షకులు ఎంతసేపు ఎదురుచూశారో తెలుస్తుంది.