‘హాయ్’ అని మెసేజ్ పెట్టింది మన పక్కూరి పిలగాడే కావచ్చు

రాత్రి పదకొండు దాటింది. వాట్సాప్‌లో తెలియని నంబర్ నుంచి ‘హాయ్’. డీపీలో ఒక అమ్మాయి ఫొటో. ‘సారీ, రాంగ్ నంబర్’ అంటూనే మెల్లగా మాట కలుపుతుంది. ఇలాంటిది మీలో చాలామందికి వచ్చే ఉంటుంది. కొందరు బ్లాక్ చేస్తారు. కొందరు స్క్రీన్‌షాట్ తీసి గ్రూపులో పెట్టి నవ్వుకుంటారు. ఇంకొందరు ఆ స్కామర్‌ను గంటసేపు ఆడించి, నోటికొచ్చినట్టు తిట్టి, దాన్ని వీడియో కూడా చేస్తారు. ఆ వీడియోలకు వ్యూస్ కూడా బాగానే వస్తాయి. నేనూ చూసినవాణ్నే, నవ్వినవాణ్నే.

ఈసారి ఫోన్ రివ్యూ పక్కన పెడదాం. ఆ మెసేజ్ టైప్ చేసిన వేళ్లు ఎవరివో చూద్దాం.

సిరిసిల్ల నుంచి కంబోడియాకు

2024 వేసవిలో సిరిసిల్ల ప్రాంతానికి చెందిన ఒక యువకుణ్ని మన పోలీసులు, భారత రాయబార కార్యాలయం కలిసి కంబోడియా నుంచి బయటికి తెచ్చారు. విదేశంలో మంచి ఉద్యోగం అని నమ్మి ఏజెంటుకు డబ్బు కట్టి వెళ్లాడు. దిగాక పాస్‌పోర్ట్ లాక్కున్నారు, ఆన్‌లైన్ మోసాలు చేసే కాంపౌండ్‌లో కూర్చోబెట్టారు. తనలాంటి భారతీయులు అక్కడ ఇంకా వందల్లో ఉన్నారని అతను చెప్పాడు. ఈ కేసులో అరెస్టయిన ఏజెంటు ఎక్కడో ఢిల్లీవాడు కాదు, జగిత్యాల జిల్లావాడు.

ఒక్కసారి మ్యాప్ తీసి కథలాపూర్ ఎక్కడుందో చూడండి. జిల్లా జగిత్యాల, ఓటు వేములవాడ నియోజకవర్గంలో, రుద్రంగి వైపు పోతే రాజన్న సిరిసిల్ల జిల్లా. అంటే మోసపోయినవాడి జిల్లాకూ పంపినవాడి జిల్లాకూ నడుమ ఉన్న మండలం. ఇది మనకు దూరపు వార్త కాదు.

అదే మే నెలలో విశాఖపట్నం పోలీసులు ఇలాంటి ముఠానే పట్టుకున్నారు. డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి, ఒక్కొక్కరి దగ్గర లక్షన్నర దాకా తీసుకుని, బ్యాంకాక్ మీదుగా కంబోడియా చేర్చారు. అక్కడ వాళ్లతో చేయించినవి మనకు బాగా తెలిసిన మోసాలే: కొరియర్‌లో డ్రగ్స్ దొరికాయనే ఫోన్లు, షేర్ మార్కెట్ టిప్స్, టాస్కులు పూర్తి చేస్తే డబ్బులనే గ్రూపులు. ఆ నెలలోనే కంబోడియాలో వందలమంది భారతీయులు తమను పట్టి ఉంచినవాళ్ల మీద తిరగబడ్డారు. తర్వాత 60 మంది మొదటి జట్టుగా ఇంటికొచ్చారు.

స్కామ్ ఫ్యాక్టరీ ఎలా నడుస్తుంది?

‘స్కామర్’ అనగానే చీకటి గదిలో ఒక్కడు ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నట్టు ఊహించుకుంటాం. అసలు సంగతి వేరు. గోడలు, గేట్లు, కాపలాదారులు, హాస్టల్, క్యాంటీన్ ఉన్న పెద్ద పెద్ద బిల్డింగులు అవి. పని కూడా కంపెనీలో లాగే పంచి ఉంటుంది. ఒక టీమ్ ఫేక్ ప్రొఫైల్స్ తయారు చేస్తుంది. ఇంకో టీమ్ రోజుకు ఇన్ని అని ‘హాయ్’లు పంపుతుంది. జవాబు వచ్చిన నంబర్లు తర్వాతి టీమ్‌కు పోతాయి. ఏ రోజు ఏం మాట్లాడాలో స్క్రిప్టు రెడీగా ఉంటుంది. వీడియో కాల్ కావాలని పట్టుబడితే ఎదురుగా ఒక మోడల్‌ను కూర్చోబెడతారు, లేదా ముఖాన్ని మార్చే ఏఐ సాఫ్ట్‌వేర్ వాడతారు. నమ్మకం కుదిరాక ప్లే స్టోర్‌లో దొరకని ట్రేడింగ్ యాప్ ఒకటి ఇన్‌స్టాల్ చేయిస్తారు. అందులో లాభాలు కనబడతాయి. అవి స్క్రీన్ మీది అంకెలే, డబ్బు ఎప్పుడో వేరే ఖాతాకు పోయి ఉంటుంది. ఆ ఖాతా కూడా ఏ ఊళ్లోనో కమీషన్‌కు ఆశపడి పాస్‌బుక్, ఏటీఎం కార్డు, సిమ్ అప్పజెప్పిన కుర్రాడిది. అక్కడి నుంచి క్రిప్టోగా మారి దేశం దాటుతుంది.

టార్గెట్ రాకపోతే జరిమానా, తిండి బంద్, దెబ్బలు. పోతానంటే లక్షల్లో ‘పరిహారం’ కట్టమంటారు. లేదా ఇంకో కాంపౌండ్‌కు అమ్మేస్తారు. ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం 2023 ఆగస్టులో ఇచ్చిన నివేదిక ప్రకారం ఇలా బలవంతంగా మోసాలు చేయిస్తున్నవాళ్లు మయన్మార్‌లో కనీసం 1,20,000 మంది, కంబోడియాలో దాదాపు 1,00,000 మంది ఉండొచ్చు. 2025 మార్చిలో మన వైమానిక దళం విమానాలు థాయ్‌లాండ్‌లోని మే సోట్ నుంచి రెండు రోజుల్లో 549 మంది భారతీయులను తీసుకొచ్చింది ఇలాంటి చోట్ల నుంచి బయటపడినవాళ్లనే.

ఇక మన వైపు లెక్క: 2024లో సైబర్ మోసాల్లో భారతీయులు పోగొట్టుకున్నది 22,845 కోట్ల రూపాయలు. ఇందులో చాలా భాగం కంబోడియా, మయన్మార్, లావోస్ నుంచి నడిచే ముఠాల పనేనని కేంద్ర హోం శాఖ కింద పనిచేసే ఐ4సీ చెబుతోంది.

చదువుకున్నవాడికి కాపలా లేదు

నన్ను ఎక్కువగా ఆలోచనలో పడేసింది ఈ భాగమే.

మన ప్రాంతానికి వలస కొత్త కాదు. బొంబాయి, దుబాయి, బొగ్గుబాయి అని ఊరికే అనలేదు. కోరుట్ల, మెట్‌పల్లి, కథలాపూర్ వైపు గల్ఫ్‌కు పోయినవాళ్లు లేని వాడ ఉండదు. ఏజెంట్ల మోసాలు కూడా అప్పటి నుంచీ ఉన్నాయి. అందుకే 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద ఒక అడ్డుగోడ కట్టారు. పదో తరగతి పాసు కానివాళ్ల పాస్‌పోర్ట్‌ను ‘ఈసీఆర్’ అంటారు. వాళ్లు సౌదీ, ఖతార్, కువైట్ లాంటి 18 దేశాలకు పనికి పోవాలంటే ముందు అనుమతి తీసుకోవాలి. కంపెనీ ఏది, జీతం ఎంత అని ఎవరో ఒకరు కాగితం చూస్తారు. ఆ అడ్డుగోడకు కూడా కంతలున్నాయి, విజిట్ వీసా మీద పోయి ఇబ్బందుల్లో పడ్డవాళ్లు ఎంతోమంది. అయినా గోడంటూ ఒకటి ఉంది.

ఇప్పుడు డిగ్రీ పాసై, కంప్యూటర్ నేర్చి, ఇంగ్లిష్‌లో చాట్ చేయగల పిలగాడి సంగతి చూడండి. అతనిది ఈసీఆర్ పాస్‌పోర్ట్ కాదు. కంబోడియా, లావోస్, మయన్మార్ ఆ 18 దేశాల జాబితాలోనే లేవు. టూరిస్ట్ వీసా, బ్యాంకాక్ టికెట్ చాలు, అడిగేవాళ్లు లేరు. చదువుకున్నవాడు తన మంచిచెడ్డ తనే చూసుకుంటాడని చట్టం అనుకుంది. స్కామ్ కాంపౌండ్‌కు కావాల్సింది సరిగ్గా అలాంటివాడే. గొడ్డలి, పార పట్టేవాడు వాళ్లకు అక్కరలేదు, వేగంగా టైప్ చేసేవాడు కావాలి. 2022 సెప్టెంబర్ 24న విదేశాంగ శాఖ హెచ్చరిక జారీ చేసింది కూడా ఐటీ నైపుణ్యం ఉన్న యువతను ఉద్దేశించే. థాయ్‌లాండ్‌లో ‘డిజిటల్ సేల్స్ అండ్ మార్కెటింగ్’ ఉద్యోగాలని సోషల్ మీడియాలో వల వేస్తున్నారని అప్పుడే చెప్పింది. ఎంతమంది చదివి ఉంటారు? మనం ఆ నెలలో కొత్త ఐఫోన్ స్పెక్స్ చూస్తూ ఉండి ఉంటాం.

మరి వాడు దొంగా, బాధితుడా?

తేలిగ్గా తేలే ప్రశ్న కాదు. వాడు పంపిన ‘హాయ్’ వల్ల ఎక్కడో ఒక రిటైర్డ్ టీచర్ పీఎఫ్ డబ్బు మొత్తం పోయి ఉండొచ్చు. ఆ టీచర్‌కు ‘పాపం, ఆ అబ్బాయిని కొట్టి చేయించారు’ అంటే ఏం ఊరట? ఇంకో చిక్కు కూడా ఉంది. వెళ్లినవాళ్లలో కొందరు పని ఏమిటో తెలిశాక కూడా కమీషన్ కోసం ఉండిపోయారు. మరికొందరు తాము బయటపడటానికో, బోనస్ కోసమో తమ దోస్తులనే పిలిపించారు. వీళ్లందరినీ ఒకే గాటన కట్టడం నాకు న్యాయం అనిపించదు. మనుషుల అక్రమ రవాణా బాధితుడితో బలవంతంగా నేరం చేయిస్తే ఆ నేరానికి అతన్ని శిక్షించకూడదన్నది అంతర్జాతీయంగా చెప్పే సూత్రం. దోస్తును పిలిపించి కమీషన్ తీసుకున్నవాడికి మాత్రం ఆ గొడుగు పట్టలేం. కేసు కేసుకూ విడిగా చూడాల్సిందే.

తిరిగొచ్చినవాడికి ఊళ్లో ఇంకో కష్టం. ఏజెంటుకు కట్టిన డబ్బు వడ్డీకి తెచ్చింది. నూటికి రెండో మూడో రూపాయల వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. జరిగింది చెబితే ‘స్కామర్’ అంటారని నోరు మెదపడు. అతను చెప్పకపోతే ఆ ఏజెంటు తర్వాతి పిలగాడి ఇంటికి పోతాడు.

మన చేతిలో ఉన్నవి

ఎవరైనా దోస్తు ‘థాయ్‌లాండ్‌లో డేటా ఎంట్రీ, ఫుడ్, రూమ్ ఫ్రీ’ అంటే ముందు వీసా ఏదో అడగండి. టూరిస్ట్ వీసా మీద ఉద్యోగం ఉండదు. ఏజెంటుకు లైసెన్స్ ఉందో లేదో ఈ-మైగ్రేట్ సైట్‌లో రెండు నిమిషాల్లో చూడొచ్చు. లైసెన్స్ ఉన్న ఏజెంటు తీసుకోగలిగే సర్వీస్ ఛార్జీ గరిష్ఠంగా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. లక్షన్నర అడిగాడంటే అక్కడే సమాధానం దొరికినట్టు. తెలంగాణ ప్రభుత్వానికే టామ్‌కామ్ అనే రిక్రూటింగ్ సంస్థ ఉంది, అక్కడ కూడా అడగొచ్చు. ఇప్పటికే వెళ్లి చిక్కుకున్నవాడు లొకేషన్ పంపితే గ్రూపుల్లో ఫార్వర్డ్ చేయకండి. వాడి ఫోన్ అక్కడ చెక్ చేస్తారు, దెబ్బలు పడేది వాడికే. పాస్‌పోర్ట్ కాపీ, లొకేషన్ నేరుగా భారత రాయబార కార్యాలయానికి, మన పోలీసులకు పంపండి.

డబ్బు పోతే 1930కి వెంటనే ఫోన్ చేయాలి, ఆలస్యమైన కొద్దీ ఆ డబ్బు ఖాతాలు మారిపోతుంది. సంచార్ సాథీలో మీ పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో చూసి మీవి కానివి రిపోర్ట్ చేయండి. కొత్త టెలికాం చట్టం ప్రకారం మోసంతో, వేరేవాళ్ల గుర్తింపుతో సిమ్ తీసుకుంటే మూడేళ్ల జైలు, 50 లక్షల దాకా జరిమానా. దోస్తు అడిగాడని సిమ్ గానీ ఖాతా గానీ ‘కొన్నాళ్లు వాడుకో’ అని ఇవ్వకండి.

ఇక రాత్రి పదకొండుకు వచ్చే ఆ ‘హాయ్’. జవాబిస్తే మీ నంబర్ పనిచేస్తోందని తెలిసి తర్వాతి టీమ్‌కు పోతుంది, తిట్టినా అంతే. జవాబు ఇవ్వకుండా స్క్రీన్‌షాట్ తీసి సంచార్ సాథీలోని ‘చక్షు’లో పెట్టి బ్లాక్ చేయండి. నేను ఆ ఆడుకునే వీడియోలు చూడటం మానేశాను. ఒకదాంట్లో అవతలి గొంతు ‘ఏమన్నా’ అన్నట్టు వినిపించింది, అచ్చం మన యాసలో.