లాభమెంత? అది చేరునది ఎక్కడికి?
(ఆర్థిక ప్రభావ నివేదికలలోని అంకెలను చదువు విధము)

ఒక ఫ్యాక్టరీయో, రహదారియో, శీతల గిడ్డంగియో రాబోవునప్పుడు “దీనివలన ఈ ప్రాంతమునకు ఇన్ని కోట్ల మేలు కలుగును, ఇందరికి పని దొరకును” అని నివేదికలు వెలువడుచుండును. అట్టి అంకెలను బట్టియే ఊరి భూమిని, నీటిని గురించిన నిర్ణయములు జరుగవచ్చును. కావున ఆ అంకెల అర్థమును రైతులు, గ్రామోద్యోగులు తెలిసికొనుట అవసరము.

విశ్లేషణ అనగానేమి?

ఒక పరిశ్రమ అమ్మిన సరకు విలువలో ఎంత భాగము ఏ యే వృత్తులకు, ఏ యే ప్రాంతములకు చేరునో పట్టిక వేసి చూపుటను బహుప్రాంత ఆర్థిక ప్రభావ విశ్లేషణ అందురు. పరిశ్రమలు ఒకదానినుండి మరియొకటి కొను సరకుల పట్టికను వాసిలీ లియొన్‌తీఫ్ అను ఆర్థిక శాస్త్రవేత్త 1936లో ప్రకటించెను. ఈ కృషికి ఆయనకు 1973లో నోబెల్ బహుమతి లభించినది. ఆ పట్టికనే ప్రాంతములవారీగా విడదీసినచో బహుప్రాంత పట్టిక యగును.

మామిడి గుజ్జు ఉదాహరణ

చిత్తూరునుండి తిరుపతికి, కర్నూలుకు పోవు దారులు వేరగు పూతలపట్టు చుట్టుప్రక్కల తోతాపురి తోటలు మెండు. ఈ కాయ ఎక్కువగా గుజ్జు ఫ్యాక్టరీలకే పోవును. విషయము తేటపడుటకు ఒక ఊహా లెక్క వేసికొందము. ఇవి నిజమైన అంకెలు కావు.

చిత్తూరు జిల్లాలోని ఫ్యాక్టరీ 100 రూపాయల గుజ్జును విదేశమునకు అమ్మినదనుకొనుడు. అందులో 30 రూపాయలు జిల్లా రైతుల కాయకు, 20 రూపాయలు కర్ణాటకలోని కోలారు రైతుల కాయకు, 15 రూపాయలు తమిళనాడునుండి తెచ్చు డ్రమ్ములకు, 10 రూపాయలు జిల్లాలోని లారీ బాడుగలకు, కరెంటుకు పోవును. మిగిలిన 25 రూపాయలు ఫ్యాక్టరీ జీతములు, కూలి, లాభము. తోటవారు, లారీవారు, డ్రమ్ములు చేయువారు కూడ ఎరువులు, మందులు మొదలగునవి కొందురు. ఆ కొనుగోళ్లవలన జిల్లాలో 10, కోలారులో 5, తమిళనాడులో 10 రూపాయల వ్యాపారము జరిగినదనుకొందము. లెక్క అంతటితో ముగిసినచో ఫలితమిది:

చిత్తూరు జిల్లా: వ్యాపారము 150 రూపాయలు, రాబడి 65 రూపాయలు.
కోలారు: వ్యాపారము 25 రూపాయలు, రాబడి 20 రూపాయలు.
తమిళనాడు: వ్యాపారము 25 రూపాయలు, రాబడి 15 రూపాయలు.
మొత్తము: వ్యాపారము 200 రూపాయలు, రాబడి 100 రూపాయలు.

గమనింపవలసిన విషయములు

1. వ్యాపారము వేరు, రాబడి వేరు. కాయ ధర రైతు లెక్కలో ఒకసారి, గుజ్జు ధరలో భాగముగా మరియొకసారి చేరుటచేత వ్యాపారము 200 అయినది. కూలి, జీతము, కౌలు, లాభము, పన్ను కలిపిన రాబడి 100 మాత్రమే. “200 రూపాయల మేలు” అని వ్రాసినచో అది పొరపాటు.

2. మొత్తమును కాక మన వరుసను చూడవలెను. పై లెక్కలో రాబడి నూటికి 35 వంతులు జిల్లా దాటిపోయినది. డ్రమ్ములు ఇచ్చటనే తయారైనచో ఆ వంతు తగ్గును.

3. ప్రాంతపు ఎల్లలు చూడవలెను. 2022 ఏప్రిల్‌లో పాత చిత్తూరు జిల్లా విడిపోయి తిరుపతి, అన్నమయ్య జిల్లాలు ఏర్పడినవి. కావున అంతకు ముందరి అంకెలను నేటి జిల్లా అంకెలతో నేరుగా పోల్చరాదు.

4. “100 ఉద్యోగములు” అన్నచో అవి ఎన్ని నెలలో అడుగవలెను. గుజ్జు పని కాయ కాలములోనే జరుగును. 600 మందికి రెండు నెలల పని, 100 మందికి సంవత్సరము పొడుగున పని, లెక్కలో రెండును ఒక్కటే. ఇంటి సంసారమునకు మాత్రము ఒక్కటి కాదు.

5. కూలీలు, రైతులు తమ రాబడిని అంగళ్లలో ఖర్చు చేయుటవలన కలుగు వ్యాపారమును కూడ కొన్ని నివేదికలు కలుపును. కలిపిన అంకెను కలపని అంకెతో పోల్చరాదు.

పట్టిక చెప్పలేనిది

ఈ పట్టికలలో ధరలు మారవనియు, ఎంత సరకైనను అమ్ముడుపోవుననియు సాధారణముగా అనుకొందురు. కాయ విరివిగా దిగిన ఏట ఈ ఊహ నిలువదు. 2025లో తోతాపురి ధర పడిపోగా, కిలోకు ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వము 4 రూపాయలు ఇచ్చి రైతుకు 12 రూపాయలు అందునట్లు రాష్ట్ర ప్రభుత్వము ఏర్పాటు చేసెను. ఆ జూన్‌లోనే ఇతర రాష్ట్రముల తోతాపురి చిత్తూరు జిల్లాకు రాకుండ కలెక్టరు ఉత్తరువు ఇచ్చిరి. దానిని తొలగింపుమని కర్ణాటక ముఖ్యమంత్రి మన ముఖ్యమంత్రికి లేఖ వ్రాసిరి.

ఒక్క జిల్లా పట్టికలో ఇట్టి ఉత్తరువు లాభముగానే కనబడును. బహుప్రాంత పట్టికలో చిత్తూరు వరుసలో పెరిగినది కోలారు వరుసలో తరుగును. గుజ్జు అమ్మకము పెరుగనిచో మొత్తము రాబడి పెరుగదు, చేతులు మాత్రము మారును. మన రైతుకు ఆ ఏడు అది అవసరమా కాదా అనునది పట్టిక తేల్చదు. ఎవరికి ఎంత వచ్చెను, ఎవరికి ఎంత పోయెను అనునది మాత్రమే చూపును. ప్రభుత్వమిచ్చు 4 రూపాయలు కూడ వేరొక పనికి ఖర్చు కావలసిన సొమ్మే గనుక, దానివలన కలుగు మేలునుండి ఆ పని మేలును తీసివేసి చూడవలెను.

గ్రామసభలో అడుగవలసినవి

నివేదిక చదివి వినిపించినప్పుడు ఈ నాలుగు ప్రశ్నలు అడుగుడు: ఇది వ్యాపారమా, రాబడియా? మన మండలములో నిలుచునది ఎంత? పని ఎన్ని నెలలు? ఈ ఫ్యాక్టరీ వచ్చుటవలన మానిపోవు పైరు, పని, వాడుకొను నీరు లెక్కలో తీసివేసిరా? వీనికి జవాబు వ్రాతమూలకముగా తీసికొని పంచాయతీ కార్యాలయములో ఉంచుకొనవలెను. ఒక ఏడు గడచిన పిదప జరిగినదానితో సరిచూచుటకు ఆ కాగితమే ఆధారము.