పెరట్లో రెండు పాల మేకలు: కొనేటప్పుడు ఏం చూడాలి, ఎప్పుడు దాటించాలి



మంజూరు పత్రం చేతికి రాగానే చాలామంది "ఏ జాతి కొనాలండీ?" అని అడుగుతున్నారు. దానికంటే ముందు మీ ఇల్లు చూసుకోండి. మేపడానికి బీడు, ఊరి బయట కంచెలు ఉన్నవారి లెక్క వేరు. ఈ పాఠం అవి లేనివారి కోసం, అంటే ఇంటి వెనుక కొంచెం పెరడు ఉండి, పిల్లలకు, టీకి సరిపడా పాలు ఇంట్లోనే కావాలనుకునేవారి కోసం. మేక పాలు ఇవ్వాలంటే ఈనాలి. కాబట్టి ఏ మేకను కొన్నారు, దాన్ని ఎప్పుడు ఏ పోతుతో దాటించారు అన్న రెండు విషయాల మీదే మీ యూనిట్ నిలబడుతుంది.

చిన్న మేకే ఎందుకు?

సంతలో అందరి కళ్ళూ జమునాపారి మీద పడతాయి. వేలాడే పొడుగు చెవులు, ఎత్తైన మేక, పాలు కూడా ఎక్కువే. కానీ దానికి తిరిగి మేసే చోటు కావాలి, మేత కూడా అంతే ఎక్కువ కావాలి. బ్లాక్ బెంగాల్ చాలా చిన్నది, ఈతకు రెండు మూడు పిల్లలనిస్తుంది, పాలు మాత్రం ఆ పిల్లలకే సరిపోతాయి. పెరటికి సరిగ్గా సరిపోయే చిన్న పాల మేక బార్బరి. ఆగ్రా, మథుర, ఏటా, అలీగఢ్ వైపు ఇళ్లలో కట్టేసి పెంచుకునే జాతి ఇది. చిన్న నిటారు చెవులు, తెల్లటి ఒంటి మీద జింకకు ఉన్నట్టు గోధుమ రంగు మచ్చలు. ఆఫ్రికాలోని బెర్బెరా రేవు పేరు మీద ఈ పేరు వచ్చిందంటారు. ఎదిగిన ఆడమేక సుమారు 25 కిలోలు ఉంటుంది. మంచి మేపు ఉంటే రోజుకు ముప్పావు లీటరుకు అటూ ఇటూగా పాలిస్తుంది. మథుర దగ్గర ఫరాలో ఉన్న కేంద్ర మేకల పరిశోధన సంస్థ ఎన్నో ఏళ్లుగా ఈ జాతి మీద పనిచేస్తోంది.

అలాగని బార్బరి కోసం ఉత్తరప్రదేశ్ నుంచి లారీలో తెప్పించుకోకండి. రెండు మూడు రోజుల ప్రయాణం, నీళ్లు మేత సరిగా లేకపోవడం, పది ఊళ్ల మేకలు ఒకే బండిలో ఉండటం వల్ల దిగిన వారంలోనే పారుడు రోగం, న్యుమోనియా మొదలవుతాయి. మన ప్రాంతంలోనే పుట్టి పెరిగిన బార్బరి దొరికితే తీసుకోండి. లేకపోతే పక్క ఊళ్లో పాలకు పేరున్న చిన్న నాటు మేక, తెలంగాణ సరిహద్దు జిల్లాల వారైతే మంచి ఉస్మానాబాది, ఏదైనా పరవాలేదు. నా అభిప్రాయంలో జాతి పేరు కంటే తల్లి పొదుగే ముఖ్యం.

సంతలో పొదుగు చూసి మోసపోవద్దు

అమ్మేముందు ఒక పూట పాలు పిండకుండా వదిలేస్తే ఏ పొదుగైనా నిండుగానే కనిపిస్తుంది. దలారి తువ్వాలు కింద చెయ్యి పట్టుకునే లోపే మీరు చేయాల్సిన పని ఒకటుంది. సాయంత్రం మీ ఎదుటే పాలన్నీ పిండించండి. మర్నాడు పొద్దున మళ్లీ వెళ్లి పిండించండి. ఆ రెండో పూట పాలే దాని అసలు పాలు. ఇందుకు ఒప్పుకోని వాళ్ల దగ్గర కొనకపోవడమే మేలు. అందుకే సంత కంటే మేకను పెంచిన ఇంటికి వెళ్లి కొనడం మంచిది. తల్లిని, వీలైతే దాని అమ్మను కూడా అక్కడే చూడొచ్చు.

పిండిన తర్వాత పొదుగు మెత్తగా ముడుచుకుపోవాలి. లోపల గట్టి గడ్డ తగిలితే అది పాత పొదుగువాపు, ఆ వైపు పాలు మళ్లీ సరిగా రావు. చన్నులు రెండే ఉండాలి, రెండూ సమానంగా ఉండాలి. నోరు తెరిచి చూడండి. ముందు పళ్ళు కింది దవడకే ఉంటాయి. పెద్ద పళ్ళు రెండు వచ్చి ఉంటే ఏడాది నుంచి ఏడాదిన్నర వయసు, నాలుగుంటే సుమారు రెండేళ్లు, ఎనిమిదీ వచ్చేస్తే మూడున్నర దాటినట్టు. కొత్తగా పెంచేవారికి నాలుగు పళ్ల మేక, ఒక ఈత ఈని రెండో ఈతలో ఉన్నది మంచిది. పాలు ఎంతిస్తుందో అప్పటికే తెలిసిపోయి ఉంటుంది.

కొత్త మేకను ఇంటికి తెచ్చాక మూడు వారాలు పాతవాటితో కలపకండి.

మేత, చోటు

ఒక్కో మేకకు కప్పు కింద 10 చదరపు అడుగులు చాలు, నేల మాత్రం పొడిగా ఉండాలి. 25 కిలోల మేకకు రోజుకు 3 నుంచి 4 కిలోల పచ్చిమేత కావాలి. పెరటి గట్టున అవిశ, సుబాబుల్, మునగ వేసుకుంటే చాలావరకు అక్కడే దొరుకుతుంది. మిగతాది వేరుశనగ కట్టె, కంది పొట్టు. మేతను కిందేస్తే తొక్కేసి ముట్టుకోదు, అందుకే కట్టగా కట్టి మెడ ఎత్తులో వేలాడదీయండి.

దాటించడం: ఇక్కడే ఎక్కువ నష్టం జరుగుతోంది

రెండు మేకలున్న ఇంటికి సొంత పోతు అక్కర్లేదు. ఒక మంచి పోతు 20, 25 మేకలకు సరిపోతుంది. మీ ఊళ్లో యూనిట్ వచ్చిన అక్కాచెల్లెళ్లంతా కలిసి ఒక విత్తనపు పోతును పెట్టుకోండి, రెండేళ్లకోసారి వేరే ఊరి వాళ్లతో మార్చుకోండి. మార్చకపోతే అది తన కూతుళ్లనే దాటుతుంది. అప్పుడు పుట్టే పిల్లలు బలహీనంగా ఉంటాయి, పాలు తగ్గిపోతాయి. ఇంట్లో పుట్టిన మగపిల్లలను మూడు నెలలు నిండగానే వేరుగా కట్టేయండి. నాలుగో నెలకే కొన్ని దాటడానికి సిద్ధమవుతాయి.

"పెద్ద పోతుతో దాటిస్తే పెద్ద పిల్లలు పుడతాయి, బక్రీదుకు మంచి ధర వస్తుంది" అనే సలహా మీకు ఎవరో ఒకరు ఇస్తారు. చిన్న మేకను జమునాపారి పోతుతో దాటిస్తే కడుపులో పిల్ల పెద్దదై ఈనేటప్పుడు అడ్డం పడుతుంది. పిల్ల పోతుంది, ఒక్కోసారి తల్లీ పోతుంది. ముఖ్యంగా మొదటి ఈత మేకకు ఈ పని అస్సలు చేయకండి. పోతు మీ మేక జాతిదే కావాలి, లేదా దాని సైజుదే కావాలి. ఆ పోతును కన్న తల్లి ఎన్ని పాలిచ్చిందో అడగండి. పుట్టబోయే ఆడపిల్లలకు పాల గుణం తండ్రి వైపు నుంచి కూడా వస్తుంది.

ఇంకో మాట. పుట్టుకతోనే కొమ్ములు లేని పోతును, కొమ్ములు లేని మేకకు దాటించవద్దు. అలాంటి జంటకు పుట్టే ఆడపిల్లల్లో కొన్ని ఆడా మగా కాకుండా పుడతాయి, అవి ఎప్పటికీ ఈనవు. జంటలో ఒకదానికైనా కొమ్ములు ఉండాలి.

మొదటిసారి ఎదకు రాగానే దాటించాలని తొందరపడొద్దు. పది పన్నెండు నెలల వయసు, ఎదిగిన మేక బరువులో మూడింట రెండు వంతులు రావాలి. బార్బరికి అది 16, 17 కిలోలు. ఎదకు వచ్చిన మేక ఊరికే అరుస్తుంది, తోక ఆడిస్తూ ఉంటుంది, మేత తగ్గిస్తుంది, పక్క మేకల మీద ఎక్కుతుంది. పొద్దున గమనిస్తే సాయంత్రం, సాయంత్రం గమనిస్తే మర్నాడు పొద్దున దాటించాలి. కట్టకపోతే 18 నుంచి 21 రోజుల్లో మళ్లీ ఎదకు వస్తుంది. దాటించిన తేదీని గోడ క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకోండి. ఐదు నెలలకు ఈనుతుంది.

ఏడాదంతా ఇంట్లో పాలు ఉండాలంటే రెండు మేకలనూ ఒకేసారి దాటించకూడదు. ఒకదాన్ని మృగశిర కార్తెలో దాటిస్తే కార్తీకంలో ఈనుతుంది. రెండోదాన్ని దీపావళి తర్వాత దాటిస్తే ఉగాది దాటాక ఈనుతుంది. నెల్లూరు, ప్రకాశం వైపు కార్తీకంలో తుపాన్లు ఎక్కువ, తడిసిన పిల్లలు న్యుమోనియాతో పోతాయి. అక్కడివారు మొదటి మేకను జూలై చివరికి జరుపుకుంటే డిసెంబరు చివర ఈనుతుంది.

ఈనడానికి ఆరు నుంచి ఎనిమిది వారాల ముందు పాలు పిండడం ఆపేయాలి. ఇది చాలామందికి కష్టంగా ఉంటుంది, ఇచ్చే పాలు ఎందుకు వదులుకోవాలనిపిస్తుంది. కానీ కడుపులో పిల్ల ఎక్కువ ఎదిగేది ఆ వారాల్లోనే. రోజుకు 200 నుంచి 300 గ్రాముల దాణా ఇవ్వండి. ఈనాక మొదటి గంటలోనే పిల్లకు జున్నుపాలు తాగించాలి. ఆ జున్ను ఇంట్లో వండుకోవడం తర్వాత సంగతి, ముందు పిల్లకే.

టీకాలు, పాలు కాచడం, చెవి ట్యాగు

పిల్లలకు మూడు నెలలు నిండాక పారుడు రోగం టీకా, వానాకాలానికి ముందు ఏటా చిటుక రోగం టీకా వేయించాలి. నట్టల మందు పశువైద్యాధికారి చెప్పిన ప్రకారం తాగించాలి. పోతును ఊరంతా పంచుకుంటున్నారు కాబట్టి దానికి బ్రూసెల్లోసిస్ పరీక్ష చేయించండి. ఈ జబ్బు మేకను ఈడ్చుకుపోయేలా చేస్తుంది, పచ్చిపాల ద్వారా మనుషులకూ వస్తుంది. పాలు ఎప్పుడూ కాచి తాగండి. ఈడ్చుకుపోయిన మేక మాయను వట్టి చేతులతో ముట్టుకోవద్దు.

మేకకు జబ్బు చేస్తే సంచార పశువైద్య వాహనం కోసం 1962కు ఫోన్ చేయండి. బీమా చేయించిన మేకకు చెవి ట్యాగు ఉంటుంది. అది ఊడిపోతే వెంటనే చెప్పి కొత్తది వేయించుకోండి, ట్యాగు లేని మేకకు బీమా డబ్బు రావడం కష్టం. మేక చనిపోతే పూడ్చేయకముందే పశువైద్యాధికారికి, బీమా వారికి కబురు చేసి, ట్యాగు కనిపించేలా ఫోటో తీసి, పోస్టుమార్టం అయ్యేవరకు ట్యాగును చెవి నుంచి తీయకుండా ఉంచండి.