వేరుముడి నులిపురుగు

బడిలో మనకు నులిపురుగుల గోలీ ఇస్తారు కదా. అదే నెమటోడా వర్గం పురుగులు చెట్ల వేర్లలో కూడా ఉంటయి. వాటిలో ఒక ప్రజాతి మెలాయిడోగైనె. 1887లో ఎమిల్ గోల్డి అనే శాస్త్రవేత్త బ్రెజిల్ కాఫీ తోటల్లో చూసి ఈ పేరు పెట్టాడు.

ముఖ్యమైన జాతులు 4: ఇన్‌కాగ్నిటా, జవానికా, అరెనేరియా, హాప్లా.

శరీర నిర్మాణం: మగది సన్నని దారంలా ఉంటుంది. ఆడది మన నీళ్ల సొరబుర్రలా ఉబ్బి వేరులోనే ఉండిపోతుంది. నోట్లో బోలు సూది ఉంటుంది. దానితో వేరు కణాలను గుచ్చి రసం పీలుస్తుంది. అప్పుడు వేరు ఉబ్బి ముడులు పడుతుంది. ఒక్కో ఆడది జిగురులో వందల గుడ్లు పెడుతుంది.

నష్టం: శంకర్‌పల్లి, చేవెళ్ల దిక్కు టమాట, వంకాయ వేస్తారు. రెండూ దీనికి ఇష్టమే. ముడులు పడ్డ వేరు నీళ్లు సరిగా పైకి పంపదు. అందుకే తడి ఉన్నా మధ్యాహ్నం చెట్టు వాడిపోతుంది. అది తెలియక ఆకులకు మందు కొడితే పైసలు పోతయి, రోగం పోదు.

గుర్తు: పల్లి, చిక్కుడు వేర్లకు రైజోబియం బుడిపెలు ఉంటయి. అవి గీకితే ఊడి వస్తయి, లోపల గులాబీ రంగు ఉంటుంది. అవి చెట్టుకు నత్రజని ఇచ్చే మంచివి. నులిపురుగు ముడి మాత్రం ఊడిరాదు.

నివారణ: ఎండకాలం లోతుగా దున్నాలి. వేపపిండి వేయాలి. బంతి చెట్లు పెట్టాలి. పంట అయినంక పాత వేర్లు పీకి కాల్చాలి.

కాబట్టి చెట్టు వాడితే ముందు ఒకటి పీకి వేరు చూడండి. సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు అమ్మానాన్నలకు కూడా చూపించండి.

— 9వ తరగతి విద్యార్థిని