తనంతట తాను ఆపరేషన్ చేసే రోబో వస్తుందా?



'రోబో' అనే మాట చెక్ భాషలోని 'రొబోటా' నుంచి పుట్టింది. దాని అర్థం వెట్టిచాకిరి. కారెల్ చాపెక్ అనే రచయిత 1920లో రాసిన నాటకం వల్ల ఆ మాట లోకమంతా వ్యాపించింది. వెట్టి అంటే ఏమిటో మన పెద్దలకు బాగా తెలుసు. చేతులు ఒకరివి, ఆజ్ఞ మరొకరిది. నేటి ఆపరేషన్ థియేటర్లో రోబో స్థితి కూడా ఇదే. మరి ఆజ్ఞ లేకుండానే ఆపరేషన్ చేసే రోబో వస్తుందా? వస్తే పేదవారికి మేలా, కీడా?

నేటి రోబో పని

'డా విన్సీ' అనే రోబోకు అమెరికాలో 2000లో అనుమతి లభించింది. రోగి పక్కన యంత్రం చేతులు ఉంటాయి. కొద్ది దూరంలో సర్జన్ కూర్చుని, శరీరం లోపలి భాగాలను తెరపై పెద్దవిగా చూస్తూ పిడులను కదుపుతారు. చేతి వణుకును యంత్రం తీసివేస్తుంది. చిన్న రంధ్రాలతో పని జరుగుతుంది కాబట్టి, పెద్ద కోత కోసే ఆపరేషన్‌తో పోలిస్తే రక్తం తక్కువ పోతుంది, రోగి త్వరగా కోలుకుంటాడు. కానీ ఇందులో ప్రతి కదలికా సర్జన్‌దే. యంత్రం సొంతంగా ఒక్క కుట్టు కూడా వేయదు.

ఆరు మెట్లు

శస్త్రచికిత్సలో యంత్రానికి ఎంత స్వేచ్ఛ ఉందో చెప్పడానికి 2017లో నిపుణులు 0 నుంచి 5 వరకు మెట్లు సూచించారు.

0 - పని అంతా సర్జన్‌దే.
1 - యంత్రం సాయం మాత్రమే చేస్తుంది.
2 - అప్పగించిన ఒక పనిని సొంతంగా చేస్తుంది.
3 - పద్ధతులు సూచిస్తుంది, సర్జన్ ఎంచుకుంటారు.
4 - వైద్యుని పర్యవేక్షణలో తానే నిర్ణయిస్తుంది.
5 - మనిషి అవసరమే లేదు.

అయిదవ మెట్టు ఎక్కిన యంత్రం ప్రపంచంలో ఇంకా లేదు.

ఎముక వేరు, పేగు వేరు

1992లో అమెరికాలోని శాక్రమెంటోలో 'రోబోడాక్' అనే యంత్రం తుంటి కీలు మార్పిడిలో తొడ ఎముకను ముందుగా వేసిన పథకం ప్రకారం తొలిచింది. ఎముక గట్టిది, బిగించి పెడితే కదలదు. అది పట్టాల మీద రైలు నడపడం వంటిది. పేగు మెత్తనిది, ఊపిరి తీసినప్పుడల్లా కదులుతుంది. అది వరద గోదావరిలో పడవ నడపడం వంటిది. క్షణక్షణం చూసి చుక్కాని తిప్పాలి.

ఆ కష్టాన్ని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కొంత దాటారు. వారి 'స్టార్' రోబో నాలుగు పందులకు, వైద్యుల పర్యవేక్షణలో, తెగిన చిన్నపేగు కొసలను కలిపి కుట్టింది. ఈ ఫలితం 2022లో వెలువడింది. 2025లో మరో రోబో, సర్జన్ల వీడియోలు చూసి నేర్చుకుని, పందుల నుంచి వేరుచేసిన ఎనిమిది పిత్తాశయాలపై పని చేసింది. నాళానికీ ధమనికీ క్లిప్పులు వేసి కత్తిరించడం ఆ పని. అందులో 17 అంచెలు ఉన్నాయి. ఎనిమిదింటిలోనూ పని పూర్తి చేసింది. మనిషి కంటే ఎక్కువ సమయం పట్టింది. ఇవి బతికున్న మనిషిపై చేసినవి కావు. ఆ తేడా మరువరాదు.

మన సంగతి

హైదరాబాద్‌లోని నిమ్స్ ఆసుపత్రిలో 2023లో రోబో శస్త్రచికిత్సలు ప్రారంభమయ్యాయి. కనుక ఈ యంత్రం కార్పొరేట్ ఆసుపత్రులకే పరిమితం కాదు. అయితే నిడదవోలు వంటి ఊరికి ఇది అందాలంటే రోబో ఒక్కటే వస్తే సరిపోదు. మత్తు ఇచ్చే డాక్టరు, నర్సులు, ఆగని కరెంటు, నిల్వ రక్తం, మరమ్మతు చేసే ఇంజనీరు అందరూ ఉండాలి. రోబో మధ్యలో ఆగిపోతే కడుపు తెరిచి పని పూర్తి చేయగల సర్జన్ తప్పనిసరిగా ఉండాలి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ వల్ల ఎందరో పేదలకు పెద్ద ఆపరేషన్లు జరిగాయి. రోబో ఖర్చును కూడా ప్రభుత్వం భరించకపోతే అది ఉన్నవారి వైద్యంగానే మిగులుతుంది.

మరొక ప్రశ్న. యంత్రం సొంతంగా కోసినప్పుడు పొరపాటు జరిగితే జవాబు చెప్పేది ఎవరు? డాక్టరా, ఆసుపత్రా, తయారుచేసిన కంపెనీయా? చదువురాని రోగి ఎవరిని అడగాలి? ఈ విషయంలో స్పష్టమైన చట్టం ఉండాలి. యంత్రం చేత చాకిరి చేయించవచ్చు గాని, బాధ్యత మనిషే మోయాలి.

మిత్రులారా! ఈ పని ఒక్క బైపీసీ వారిది కాదు. రోబో చేతిని తయారుచేయడానికి ఎంపీసీ వారు కావాలి, చట్టం రాయడానికి ఆర్ట్స్ వారు కావాలి. కాకినాడ రంగరాయ వైద్య కళాశాల 1958 నుంచి ఉంది. రాజమహేంద్రవరం ప్రభుత్వ వైద్య కళాశాల 2023లో మొదలయింది. సీట్లు దగ్గరకు వచ్చాయి. పేదవాని కష్టం తెలిసినవారు ఆ యంత్రం పక్కన ఉంటేనే అది పేదవానికి కూడా పనికి వస్తుంది. అలా నిలిచేవారు మన హాస్టల్ నుంచి కూడా రావాలని కోరుకుంటున్నాను.